సోడాకు అల్లం తోడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరుగుకు తోడు ఎలాగో, ఇంట్లో చేసుకునే అల్లం సోడాకూ ఒక తోడు కావాలి. అల్లం తురుము, పంచదార, నీళ్ళు కలిపి రెండు నుంచి నాలుగు రోజులు ఉంచితే అల్లం తొక్క మీదున్న ఈస్టు పెరిగి ఆ తోడు తయారవుతుంది. అయితే దొరికే కొలతలూ రోజుల లెక్కలూ ఎక్కువగా చలి దేశాలవి. కోనసీమ ఉక్కలో, రాజమండ్రి ఎండలో వాటినే పాటిస్తే తోడు పాడవుతుంది, లేదంటే సీసా పగులుతుంది. పదేపదే వచ్చే సందేహాలకు ఇక్కడ మన వాతావరణానికి సరిపడే జవాబులున్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఈ తోడులో ఏముంటుందండి? ఈస్టు కొనకుండానే గ్యాస్ ఎలా వస్తుంది?

ఈస్టు కంటికి కనబడనంత చిన్న జీవి. అల్లం తొక్క మీద, పళ్ళ మీద, తాటిగెల మీద సహజంగానే ఉంటుంది. పొద్దున చెట్టు మీంచి దించిన తియ్యటి కల్లు మధ్యాహ్నానికి నురగ కట్టి పులిసేది దీనివల్లే. అక్కడ ఎవరూ ఈస్టు కలపరు, కల్లు పట్టే లొట్టిలో ముందే ఉంటుంది. తోడులోనూ అదే జరుగుతుంది. ఈస్టు పంచదారను తిని కార్బన్ డయాక్సైడునూ కాస్త ఆల్కహాలునూ వదులుతుంది. దాని పక్కనే పెరుగులో ఉండే రకం లాక్టిక్ బ్యాక్టీరియా కూడా పెరిగి పులుపు తెస్తుంది. ఆ పులుపే చెడ్డ సూక్ష్మజీవులు పెరగకుండా కాపలా కాస్తుంది.

బీరు కాసేవాళ్ళు ఈస్టు స్టార్టర్ అంటారు. ఇదీ అదీ ఒకటేనా?

పెద్ద పాత్రలో వేసేముందు చిన్న పాత్రలో ఈస్టు సంఖ్యను పెంచుకోవాలన్న ఆలోచన రెంటిలోనూ ఒకటే. పద్ధతి మాత్రం వేరు. బీరు స్టార్టరులో ఎంచుకున్న ఒకే రకం ఈస్టు ఉంటుంది. లీటరు నీళ్ళకు 100 గ్రాముల మాల్టు పొడి (మొలకెత్తిన బార్లీ నుంచి తీసేది) కలిపి, పావుగంట మరిగించి, చల్లార్చి, అందులో ద్రవరూపంలో ఉన్న ఈస్టు వేసి, ఒకటి రెండు రోజులు కలుపుతూ పెంచుతారు. వేరే ఏ సూక్ష్మజీవీ చొరబడకుండా చూడడమే అక్కడ పెద్ద పని. 11 గ్రాముల పొడి ఈస్టు ప్యాకెట్టు వాడితే 20 లీటర్ల మామూలు బీరుకు ఆ స్టార్టరు అవసరమే ఉండదు. అల్లం తోడులో అడవి ఈస్టులు, బ్యాక్టీరియా కలిసిమెలిసి ఉంటాయి. ఇక్కడ శుభ్రత చాలు, ప్రయోగశాల జాగ్రత్త అక్కర్లేదు.

మరి ఇదే తోడుతో బీరు కాయొచ్చా?

వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడి కొలతలన్నీ సోడా దగ్గరే ఆగేలా వేసినవి.

ఎలాంటి అల్లం తేవాలి?

మట్టి అంటుకుని, తొక్క బిగువుగా, విరిస్తే టప్పున విరిగేది తీసుకోండి. నున్నగా కడిగి, తెల్లగా మెరిసేలా చేసిన అల్లం మీద ఈస్టు పెద్దగా మిగలదు. సంతలో ఆకుకూరల పక్కన కుప్పపోసి అమ్మే మట్టి అల్లమే మేలు. మట్టి పోయేంతవరకు చన్నీళ్ళతో కడగాలి. తొక్క మాత్రం గీకకండి, వేడినీళ్ళు తగలనివ్వకండి. మనకు కావలసింది ఆ తొక్క మీదే ఉంది. ముడుచుకుపోయినదీ, కణుపుల దగ్గర నీలంగానో పచ్చగానో బూజు కనిపించేదీ పనికిరాదు.

పంచదారా, బెల్లమా?

తోడుకు పంచదారతో పాటు చిటికెడు బెల్లం. పంచదారలో తీపి తప్ప మరేమీ ఉండదు, బెల్లంలో ఈస్టుకు కావలసిన ఖనిజాలు కొన్ని ఉంటాయి. అయితే బంగారు రంగులో మెరిసిపోయే బెల్లాన్ని నమ్మకండి. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపడం మామూలే. దాన్నుంచి వచ్చే గంధకపు లవణాలు ఈస్టును ఎదగనివ్వవు. ముదురు గోధుమరంగు బెల్లం గానీ తాటిబెల్లం గానీ వాడండి. తేనె తోడుకు వద్దు, పెరుగుదల నెమ్మదిస్తుంది.

మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కుళాయికి క్లోరిన్ వాసన. ఏ నీళ్ళు పొయ్యాలి?

సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళు దీనికి పనికిరావు, మరిగిస్తే ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. అక్కడ ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల టిన్ను నీళ్ళే వాడండి. వాటిలో ఖనిజాలు తక్కువ, ఆ లోటు చిటికెడు బెల్లంతో తీరుతుంది. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటే వెడల్పాటి గిన్నెలో 15 నిమిషాలు మూత లేకుండా మరిగించి చల్లార్చండి. క్లోరిన్ ఉన్నది సూక్ష్మజీవుల్ని చంపడానికే, మన ఈస్టునూ వదలదు. కాలువ నీళ్ళూ చెరువు నీళ్ళూ అయితే వడగట్టి, మరిగించి తీరాల్సిందే.

ఏ పాత్ర వాడాలి?

వెడల్పు మూతి ఉన్న లీటరు గాజు సీసా, లేదా పచ్చళ్ళ జాడీ. పచ్చడి పెట్టిన జాడీ అయితే నూనె, ఉప్పు పూర్తిగా వదిలేలా కడిగి ఎండబెట్టండి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు వద్దు, పులుపుకు లోహం కరిగి దిగుతుంది. స్టీలు గిన్నె పనికొస్తుంది గానీ లోపల ఏం జరుగుతోందో కనబడదు. మొదటిసారి చేసేవాళ్ళకు చూడటమే సగం పని కాబట్టి గాజే మంచిది.

## తోడు పెట్టడం

సరైన కొలతలు, వరస చెప్పండి.

సీసాను మరిగే నీళ్ళతో తొలిచి ఆరనివ్వండి. చల్లారిన నీళ్ళు 400 మి.లీ. పొయ్యండి. తొక్కతో సహా తురిమిన అల్లం 20 గ్రాములు, అంటే బొటనవేలంత ముక్క. పంచదార 20 గ్రాములు, అంటే తలకొట్టిన 5 టీ చెంచాలు. చిటికెడు బెల్లం. పంచదార కరిగేదాకా శుభ్రమైన చెంచాతో బాగా కలపండి. పల్చటి నూలు గుడ్డ రెండు మడతలు వేసి, మూతికి కప్పి, రబ్బరు బ్యాండు వెయ్యండి.

రెండో రోజు నుంచి రోజూ ఒకే వేళకు అల్లం తురుము 2 టీ చెంచాలు, పంచదార 2 టీ చెంచాలు వేసి కలపండి, ఇదే తోడుకు మేత. మేత వేసినా వెయ్యకపోయినా రోజుకు మూడుసార్లు గట్టిగా తిప్పాలి. తిప్పితే గాలి కలిసి మొదట్లో ఈస్టు త్వరగా పెరుగుతుంది. పైన తేలే అల్లం తురుము తడవడం ఇంకా ముఖ్యం, బూజు మొదలయ్యేది పొడిబారిన ఆ తురుము మీదే.

గుడ్డ బదులు మూత బిగించేయొచ్చా? ఈగలు ముసురుతున్నాయి.

బిగించకండి. లోపల తయారయ్యే గ్యాసుకు దారి ఉండాలి. పళ్ళ మీద వాలే ఆ చిన్న ఈగలు వెనిగర్ బ్యాక్టీరియాను మోసుకొస్తాయి కాబట్టి గుడ్డ నేత దగ్గరగా ఉండాలి, బ్యాండు బిగుతుగా ఉండాలి. వలలాంటి గుడ్డలోంచి దూరిపోతాయి. పాత నూలు పంచె ముక్క చక్కగా సరిపోతుంది.

చీమలు పడుతున్నాయండి.

వెడల్పాటి పళ్ళెంలో వేలు లోతు నీళ్ళు పోసి సీసాను మధ్యలో నిలబెట్టండి. సీసా గోడకు తగలకూడదు. పళ్ళెంలో నీళ్ళు రోజూ మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఎన్ని రోజులకు తయారవుతుంది? చాలాచోట్ల వారం అంటున్నారు.

వారం లెక్క 20 డిగ్రీల దగ్గర ఉండే ఇళ్ళది. మన దగ్గర 28 నుంచి 32 డిగ్రీల మధ్య రెండు నుంచి నాలుగు రోజులు చాలు. సంక్రాంతి ముందు చలిలో ఐదారు రోజులు పట్టొచ్చు. నాలుగో రోజుకే తయారైనదాన్ని వారం ఆగాలని ఉంచేస్తే పులుపెక్కి వెనిగర్ వైపు పోతుంది. రోజులు లెక్కపెట్టడం మాని తోడునే చూడండి.

తయారైందని ఎలా గుర్తుపట్టాలి?

మేత వేసిన నాలుగైదు గంటలకు సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అడుగున ఉన్న తురుములోంచి సన్నటి బుడగలు వరసగా దారంలా పైకి రావాలి. తురుము మొత్తం పైకి తేలి, దాని అంచు చుట్టూ తెల్లటి నురగ వలయం కట్టాలి. చెంచాతో తిప్పగానే బుస్సున పొంగి, చెవి దగ్గర పెడితే సన్నగా చిటపటమనాలి. వాసన తియ్యటి కల్లుకు దగ్గరగా, అల్లం ఘాటుతో ఉండాలి. రుచి పుల్లగా, తీపి తగ్గి ఉండాలి. రెండో రోజు కనిపించే నాలుగు బుడగలు చూసి తొందరపడకండి. మొదట లేచేవి చాలాసార్లు బ్యాక్టీరియా బుడగలే. వరసగా రెండు రోజులు మేతకు ఇలా స్పందిస్తేనే తయారైనట్టు.

మే నెలలో వంటింట్లో నిలబడలేకపోతున్నాం. తోడును ఎక్కడ పెట్టాలి?

35 డిగ్రీలు దాటితే ఈస్టుకు కష్టం మొదలవుతుంది. 40 దగ్గర చాలా రకాలు ఆగిపోతాయి, బ్యాక్టీరియా పైచేయి అవుతుంది. పొయ్యికి దూరంగా, నేల మీద, ఇంట్లో నడిమి గదిలో పెట్టండి. వడగాలి వీచే పొడి రోజుల్లో మంచినీళ్ళ కుండ పక్కన తడి ఇసుక మీద సీసాను పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుడితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ నిండిన ఉక్క రోజుల్లో తడిగుడ్డ అంతగా చల్లబరచదు, నీళ్ళు ఆవిరైతేనే కదా చల్లదనం. అప్పుడు బకెట్లో చన్నీళ్ళు పోసి సీసాను సగం మునిగేలా నిలబెట్టడమే దారి. ఇక మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఫ్రిజ్‌లో పెట్టి తీయొచ్చా అంటే, వేడికి చెడగొట్టుకోవడం కన్నా అదే నయం.

## తోడు లేవకపోయినా, తేడాగా ఉన్నా

మూడు రోజులైంది, బుడగ ఒక్కటీ లేదండి. పారబొయ్యాలా?

అప్పుడే వద్దు. ఎక్కువసార్లు కారణం క్లోరిన్ నీళ్ళు, నున్నగా కడిగిన అల్లం, ఈ రెంటిలో ఒకటి. మరో అంగడి నుంచి మట్టి అల్లం తెచ్చి 2 టీ చెంచాల తురుము వెయ్యండి, ఎండు ద్రాక్ష నాలుగు పడేయండి, నూనె పూత లేనివైతే వాటి మీదా ఈస్టు ఉంటుంది. ఇంకో రెండు రోజులు చూడండి. వాసన బాగుండి గ్యాస్ మాత్రం లేకపోతే బేకరీ ఈస్టు పది పదిహేను పలుకులు వేస్తే లేస్తుంది. రుచిలో కాస్త రొట్టె వాసన వస్తుందంతే. ఆరో రోజుకూ కదలిక లేకపోతే నీళ్ళు మార్చి మళ్ళీ మొదలుపెట్టండి.

ఇంట్లో ఉన్న ఈస్టు ప్యాకెట్టు పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

గోరువెచ్చని నీళ్ళు 100 మి.లీ., పంచదార ఒక టీ చెంచా, ఈస్టు అర టీ చెంచా కలిపి పది నిమిషాలు ఉంచండి. పైన నురగ పొర కడితే బతికుంది. అలాగే అడుగున పడుంటే చచ్చింది. మన వేడికి విప్పిన ప్యాకెట్టు అలమారాలో నిలవదు, బిగుతైన డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి.

పైన తెల్లగా ఏదో కట్టింది. బూజేనా?

పట్టి చూడండి. ముడతలు పడిన పల్చటి తెల్ల పొరైతే, నూగు లేకుండా మట్టసంగా ఉంటే, అది గాలిని ఇష్టపడే మరో రకం ఈస్టు. పాత ఊరగాయ నీళ్ళ మీద కట్టేది అదే. హాని లేదు గానీ రుచి చెడగొడుతుంది. పొర తీసేసి, అడుగు నుంచి 100 మి.లీ. తీసుకుని, కడిగిన సీసాలో 300 మి.లీ. కొత్త నీళ్ళతో కొనసాగించండి. దూదిలా నూగుతో తెల్లగా, ఆకుపచ్చగా, నల్లగా, గులాబీరంగుగా గుండ్రటి మచ్చలుంటే మాత్రం బూజు. పైది తీసేసి వాడదామనుకోకండి, బూజు వేళ్ళు లోపలికి దిగి ఉంటాయి. మొత్తం పారబోసి సీసాను మరిగించండి. ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాల్లో ఈ బెడద ఎక్కువ. ఆ నెలల్లో తిప్పడం రోజుకు నాలుగైదుసార్లు చెయ్యాలి.

తోడు జిగురుగా తీగ సాగుతోంది. బెండకాయ నీళ్ళలా ఉంది!

వేడి ఎక్కువగా ఉండి పంచదార దండిగా దొరికితే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పంచదారతో డెక్స్‌ట్రాన్ అనే జిగురు అల్లుతుంది. చెరకు మిల్లుల్లో ఆగిపోయిన రసాన్ని జిగురు చేసేదీ ఇదే. విషం కాదు, కానీ సోడాకు పనికిరాదు. టీ జల్లెడలో వడగట్టి పాత తురుము పారేయండి. 100 మి.లీ. తోడుకు 300 మి.లీ. నీళ్ళు, తురుము 4 టీ చెంచాలు, పంచదార ఒకే టీ చెంచా, అర చెక్క నిమ్మరసం వేసి చల్లటి చోట పెట్టండి. పులుపు పెరిగేకొద్దీ ఆ బ్యాక్టీరియా తగ్గిపోతుంది. రెండు మూడు రోజుల్లో పల్చబడకపోతే కొత్తది మొదలుపెట్టుకోవడమే.

వాసన తేడాగా ఉంది, వాడొచ్చా?

కుళ్ళిన గుడ్డు వాసన: ఈస్టు ఆకలితో ఉంది, చిటికెడు ముదురు బెల్లం వేసి గట్టిగా తిప్పండి, రోజులో పోతుంది. గోళ్ళ రంగు వాసన: వేడి తగిలింది, చల్లటి చోటికి మార్చి సగం తీసేసి నీళ్ళు, మేత ఇవ్వండి. ఘాటైన వెనిగర్ వాసన: పాతబడింది, ఈ తోడుతో సోడా చేస్తే అదే రుచి వస్తుంది. కుళ్ళిన కూరగాయల వాసనో మురుగు వాసనో వస్తే రుచి కూడా చూడకుండా పారబోయండి.

## సీసాలోకి ఎక్కించడం

ఒక లీటరు సోడాకు ఏమేం, ఎంతెంత?

అల్లం 40 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, లీటరు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడగట్టండి, ఇదే అల్లం కషాయం. 6 గ్రాముల పంచదార, అంటే తలకొట్టిన ఒకటిన్నర టీ చెంచా, అందులో కరిగించండి. పూర్తిగా చల్లారాలి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే వేడి తెలియకూడదు. అప్పుడు నిమ్మరసం 2 పెద్ద చెంచాలు, వడగట్టిన తోడు 60 మి.లీ. కలపండి. మేత వేసి ఎనిమిది పది గంటలైన తోడు తీసుకోండి, అప్పటికి అందులో తీపి తక్కువగా, ఈస్టు చురుగ్గా ఉంటుంది. కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ సీసాలో మూతికి మూడు వేళ్ళ కిందిదాకా నింపి బిగించండి. ఉక్కలో 12 నుంచి 24 గంటల్లో సీసా గట్టిపడుతుంది. వెంటనే ఫ్రిజ్‌లో నిలబెట్టి, కనీసం ఎనిమిది గంటలు చల్లబడ్డాకే విప్పండి.

6 గ్రాములేనా! మిగతా చోట్ల లీటరుకు 80, 100 గ్రాములు చెబుతున్నారు కదా. చప్పగా ఉండదా?

సీసాలో చప్పగానే ఉంటుంది, తీపి గ్లాసులో కలుపుకుంటాం. అన్నిటికన్నా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. 4 గ్రాముల పంచదార పూర్తిగా పులిస్తే దాదాపు 2 గ్రాముల గ్యాస్ వస్తుంది. లీటరు నీళ్ళలో అది ఒక లీటరు గ్యాస్ కరిగినట్టు. బజారు కూల్‌డ్రింకులో లీటరుకు మూడున్నర నాలుగు లీటర్ల గ్యాస్ ఉంటుంది, సీసాను దానికి తగ్గట్టే చేస్తారు. 80 గ్రాములు వేసి మూత బిగిస్తే పూర్తిగా పులిసేసరికి 20 లీటర్ల గ్యాస్ తయారవ్వాలి. అంతకుముందే సీసా పగులుతుంది. చలి దేశాల్లో పులుపు నెమ్మది కాబట్టి మధ్యలో ఫ్రిజ్‌లో పెట్టి ఆపగలుగుతారు. మన దగ్గర ఒక మధ్యాహ్నం ఆలస్యమైతే, లేదా ఫ్రిజ్‌లో పెట్టాక రాత్రంతా కరెంటు పోతే, ఆపడం మన చేతిలో ఉండదు.

సీసాలో వేసింది 6 గ్రాములు, తోడుతో వచ్చేది మరో 2, 3 గ్రాములు. అంతా పులిసినా రెండు లీటర్ల గ్యాసుకు కాస్త పైన ఆగిపోతుంది. ఫ్రిజ్ లేకపోయినా, మర్చిపోయినా ఆ సీసా పగలదు. ఇంకా బుసబుసలు కావాలంటే పంచదార 9 గ్రాముల దాకా పెంచండి, అంతకు మించొద్దు. తాగేటప్పుడు గ్లాసులో ముందు బెల్లం పాకం 2 పెద్ద చెంచాలు పోసి, దాని మీద చల్లటి సోడా గోడవారగా మెల్లగా ఒంపండి. పాకాన్ని సోడా మీద పోస్తే నురగ పొర్లిపోతుంది.

ఏ సీసా వాడాలి? గోలీసోడా సీసాలు ఉన్నాయి మా ఇంట్లో.

కూల్‌డ్రింకు వచ్చిన ప్లాస్టిక్ సీసాయే ఉత్తమం. అడుగు చూసి గుర్తుపట్టండి, ఐదు కాళ్ళలా ఐదు బుడిపెలుంటాయి. ఒత్తిడిని తట్టుకోవడానికే ఆ ఆకారం. మంచినీళ్ళ సీసా అడుగు చదునుగా, గోడ పల్చగా ఉంటుంది, అది ఉబ్బి పడిపోతుంది. ప్లాస్టిక్ సీసాతో ఇంకో మేలుంది, నొక్కితే లోపలి సంగతి చెబుతుంది. మొదట వేలికి లొంగుతుంది, తయారయ్యేసరికి విప్పని కూల్‌డ్రింకు సీసాలా రాయై ఉంటుంది.

గోలీసోడా సీసా 1870లలో ఇంగ్లండులో హైరమ్ కాడ్ తయారుచేసినది. లోపలి గ్యాస్ గోలీని రబ్బరు వలయానికి అదిమిపెట్టడం దాని సూత్రం. దాన్ని యంత్రం మీద తలకిందులుగా తిప్పి, గ్యాస్ ఎక్కించి నింపుతారు. మన సోడాలో గ్యాస్ మెల్లగా పుడుతుంది కాబట్టి అది అందాకా గోలీ నిలవదు. పైగా గాజులో ఒత్తిడి ఎంతుందో తెలియదు. జాము సీసాలు, మందు సీసాలు, తేనె సీసాలు ఒత్తిడి కోసం చేసినవి కావు, వాటిలో అసలే వద్దు.

కొబ్బరి నీళ్ళతో చేసుకోవచ్చా? ఇంటి చుట్టూ చెట్లే.

చేసుకోవచ్చు, బాగుంటుంది కూడా. కానీ బొండాం నీళ్ళలోనే లీటరుకు 25 నుంచి 40 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఒట్టి కొబ్బరి నీళ్ళు మూసేస్తే సీసాకు ప్రమాదం. పావు లీటరు కొబ్బరి నీళ్ళకు ముప్పావు లీటరు అల్లం కషాయం, 60 మి.లీ. తోడు కలపండి. పంచదార ఒక్క పలుకు కూడా వేయొద్దు. లేత బొండాం కన్నా కాస్త ముదిరిన కాయలో తీపి ఎక్కువ, అలాంటివైతే 200 మి.లీ. చాలు. కొట్టిన వెంటనే వాడండి, గంటలు ఆగితే దానంతటదే పులవడం మొదలవుతుంది.

చెరకు రసం, నీరా?

వద్దు. రెండింటిలోనూ లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. మూసిన సీసాలో అవి బాంబులు, మూయకపోతే సారాయి దారి పడతాయి.

రెండు రోజులైనా సీసా గట్టిపడలేదు. ఎందుకు?

ముందు మూత చూడండి. పాత మూతలో లోపలి పొర అరిగితే గ్యాస్ కారిపోతుంది. సీసాను తలకిందులుగా నీళ్ళలో ముంచి నొక్కితే బుడగలు కనిపిస్తాయి. మూత బాగుంటే కషాయం వేడిగా ఉండగానే తోడు పోసి ఉంటారు, ఈస్టు చచ్చిపోయింది. మరో 60 మి.లీ. తోడు పోసి మళ్ళీ బిగించండి, పంచదార మాత్రం ఇంకోసారి వెయ్యకండి, మొదట వేసింది అలాగే ఉంది.

విప్పగానే సగం సోడా పైకప్పుకు కొట్టింది!

సరిగా చల్లబడలేదు, లేదా తురుము నలుసులు లోపల మిగిలాయి. చల్లటి నీళ్ళు గ్యాసును పట్టి ఉంచుతాయి, వెచ్చగా ఉంటే వదిలేస్తాయి. నలుసుల చుట్టూ బుడగలు గబగబా పుడతాయి కాబట్టి తోడును గుడ్డలో వడగట్టి పోయండి. మూతను పావు చుట్టు తిప్పి, బుస్సుమనడం ఆగేదాకా ఆగి, మళ్ళీ పావు చుట్టు తిప్పండి.

## నిలవ, మేత

వాడినంత వాడాక మిగిలిన తోడును ఏం చెయ్యాలి?

60 మి.లీ. తీస్తే 60 మి.లీ. నీళ్ళు పోసి, తురుము, పంచదార రెండేసి టీ చెంచాలు వెయ్యండి. రోజూ సోడా చేసేవాళ్ళు బయటే ఉంచి రోజూ మేత వెయ్యాలి. వారానికోసారి చేసేవాళ్ళు మేత వేసిన రెండు గంటలకు ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి ఒకసారి తురుము, పంచదార ఒక్కో పెద్ద చెంచా వేస్తే చాలు. వాడే ముందురోజు రాత్రి బయట పెట్టి మేత వేస్తే పొద్దున్నకు లేస్తుంది. తురుము సీసాలో మూడో వంతు దాటితే సగం తీసేయండి.

నెల్లాళ్ళు ఊరు వెళ్తున్నాం. తోడు బతుకుతుందా?

తురుమంతా వడగట్టి, 2 పెద్ద చెంచాల పంచదార కలిపి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో లోపలి అరలో ఉంచండి. తిరిగొచ్చాక 100 మి.లీ. ఉంచుకుని మిగతాది పారబోసి రెండు మూడు రోజులు మేత వెయ్యండి. బుడగలు రాకపోతే దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. మన వేడికి కొత్త తోడు మూడు రోజుల పనే.

## ఆరోగ్యం, అమ్మకం

ఇందులో ఆల్కహాలు ఉంటుందా? పిల్లలకు ఇవ్వొచ్చా?

ఉంటుంది. ఈస్టు గ్యాస్ వదిలినప్పుడల్లా దాదాపు అంతే బరువు ఆల్కహాలునూ వదులుతుంది. లీటరులో పులిసింది 8, 9 గ్రాముల చక్కెరైతే ఆల్కహాలు సుమారు అర శాతం, కాస్త అటూ ఇటూ. లీటరుకు 80 గ్రాములు వేసి పులవనిస్తే ఐదు శాతం దాకా పోతుంది, అంటే బీరంత. పిల్లలకూ గర్భిణులకూ కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకూ, మద్యం పూర్తిగా మానేసినవాళ్ళకూ ఇది ఇవ్వకండి. వాళ్ళకు మరిగించిన అల్లం కషాయంలో నిమ్మరసం, పాకం కలిపి మామూలు సోడా పోసివ్వండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు పచ్చి పులుపు పానీయాల జోలికి పోకపోవడం మంచిది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు రోజూ ఇంత అల్లం తాగేముందు డాక్టరును అడగాలి.

ఫ్రిజ్‌లో ఎన్నాళ్ళు ఉంటుంది?

విప్పని సీసా రెండు వారాలు. విప్పినది మర్నాటికి గ్యాస్ పోతుంది.

బడ్డీకొట్టులో పెట్టి అమ్ముదామనుకుంటున్నాం. పరవాలేదా?

ఇంటి పద్ధతిలో చేసినదాన్ని అమ్మకండి. ఆహార భద్రతా నియమాల్లో ఆల్కహాలు 0.5 శాతం దాటిన పానీయం ఆల్కహాలు పానీయాల లెక్కలోకి వెళుతుంది. ఇంట్లో తోడు ప్రతిసారీ ఒకేలా పనిచెయ్యదు, ఒక సీసా ఆ గీతకు ఇవతల ఉంటే పక్క సీసా అవతల ఉంటుంది. అమ్మాలంటే లైసెన్సుతో పాటు ప్రతి విడతకూ పరీక్ష కావాలి. అమ్మకానికైతే కషాయం చేసి, యంత్రంతో గ్యాస్ ఎక్కించే పాత సోడా పద్ధతే సరైనది.